నిమ్మచెక్కల మీద నిలబెట్టిన ఆవిరి బండి

డాక్టరు చెప్పిన లెక్క ఇది. తెగిన నరం కుట్టు వేసిన చోటి నుంచి మళ్ళీ పెరుగుతుంది. మొదటి నెల దాదాపు కదలదు. తర్వాత రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ఇంటికి రాగానే వెర్నియర్ తీసి కొలుచుకున్నాను. కుడి మణికట్టు మీది కుట్టు నుంచి బొటనవేలి కొసకి నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఏప్రిల్ మొదట్లో తెగింది కాబట్టి, నెల రోజులు, ఆపైన నూట పద్దెనిమిది రోజులు కలిపితే సెప్టెంబరు మొదటి వారానికి వేలికి స్పర్శ రావాలి. దసరాకి ఇంకా నెల మిగులుతుంది. నోట్సులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను.

దసరా లెక్క నాది కాదు, మా మేస్త్రిది.

డిప్లొమా అయ్యాక రెండేళ్ళు సాలూరులో, లారీల డీజిల్ పంపులు బాగుచేసే షాపులో పనిచేశాను. పంపు లోపల కాగితం కంటే పల్చని రేకు బిళ్ళలు పడతాయి. వాటిని షిమ్ములంటారు. ఒకటి వెయ్యాల్సిన చోట నూనెకి అంటుకుపోయి రెండు పడ్డాయంటే టైమింగు తప్పుతుంది, లారీ ఘాట్ ఎక్కలేక నల్లపొగ కక్కుతుంది. మైక్రోమీటరు ఉంది గాని మేస్త్రి దాన్ని ఆఖర్న గాని తియ్యనిచ్చేవాడు కాదు. "ముందు ఏలితో సెప్పు. ఒక్కటా రెండా?" అనేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిళ్ళని ఒక్కసారి రుద్ది, చూడకుండా చెప్పాలి. షాపులో ఆ పని వచ్చినవాళ్ళం ముగ్గురం. ఒకరోజు ర్యాకు వెనక జారిపడిన స్పానర్ కోసం చెయ్యి పెట్టాను. రేకు అంచు మణికట్టుని కోసింది. రక్తం ఆగింది, కుట్లు ఊడాయి, వేళ్ళు వంగుతున్నాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రం నావి కావు.

ఆ షాపులో దసరా పూజకి ఒక పద్ధతి ఉంది. నవమి నాడు అందరి పనిముట్లూ ఎవరివి వాళ్ళకి ఎర్రగుడ్డలో మూటకట్టి పీట మీద పెడతారు. దశమి నాడు మేస్త్రి ఒక్కొక్క మూటా తీసి ఎవరిది వాళ్ళ చేతికిస్తాడు. మళ్ళీ ఏడాదికి ఆ బల్ల అతనిది. తీసుకోనివాడి మూట ఆ సాయంత్రం కొత్తవాడికి వెళుతుంది. నన్ను చూడటానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు మేస్త్రి ఆ మాటే అన్నాడు. "దశమి నాటికి రా. పది బిళ్ళలు పెడతాను. సెప్పగలిగితే మూట నీది. సెప్పలేకపోతే నన్ను తిట్టకు."

ఆమదాలవలసలో మా ఇంట్లో మొదలైంది అసలు శిక్ష. ఫిజియోథెరపీ ఆయన పెసలూ మినుములూ కలిపి, కళ్ళు మూసుకుని వేరు చెయ్యమన్నాడు. అమ్మ పెద్ద చేట ముందు పెట్టేది. కళ్ళు మూసుకుంటే నా వేళ్ళ మధ్య గింజ ఉందో లేదో కూడా తెలిసేది కాదు. నాలుగో రోజు చేటని తోసేశాను. గింజలు వాకిలి దాకా పోయాయి. అమ్మ అన్నీ ఏరుకుంది. ఆ ఏరుకోవడం ఎంత సులువుగా ఉందో చూసి నాకు ఏడుపొచ్చింది.

నాన్నది పాత ఇనుము, పాత సామాను కొట్టు. ఎక్కడో ఖాళీ చేసిన బంగళా సామానులో వచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చి నా మంచం మీద పడేశాడు.

"ఇదేటో ఇంజినట్రా. ముక్కలు ముక్కలుగా ఉన్నాది. నువ్వు సదివిందిదేగా, సూడు."

పెట్టె మూత మీద బొమ్మ సగం వెలిసిపోయింది. పట్టాలు లేకుండా రోడ్డు మీద నడిచే ఆవిరి ఇంజను. ముందు పొగగొట్టం, పక్కన పెద్ద ఫ్లైవీలు, వెనక మనిషెత్తు చక్రాలు. ఒకప్పుడు ఇంగ్లండులో నూర్పిడి యంత్రాలు తిప్పడానికీ, బరువులు లాగడానికీ వాడేవారట. దాన్ని జానెడు పొడవుకి కుదించిన ప్లాస్టిక్ కిట్టు ఇది. నాన్న పుట్టినప్పటిదై ఉంటుంది, ఎవరూ అతికించలేదు. ముక్కలన్నీ చట్రాలకి అంటుకునే ఉన్నాయి. సూచనల కాగితం మడతల దగ్గర చిరిగింది. కాగితం ప్రకారం నూట నలభై ఒకటి. లెక్కపెడితే నూట ముప్పై తొమ్మిది. లేనివి రెండూ దీపాలు. జిగురు ట్యూబు రాయిలా ఎండిపోయింది. ఇంకొక్క ముక్క పోయినా ప్రపంచంలో ఎక్కడా దొరకదు. ఆ మాటే నన్ను పట్టుకుంది. పోతే మళ్ళీ రానిది అప్పటికే నా చేతికి ఒకటుంది.

జిగురు కోసం శ్రీకాకుళం మొత్తం తిరిగాను. చివరికి అక్రిలిక్ బోర్డులు చేసే కొట్టులో, అక్షరాలు అతికించడానికి వాడే నీళ్ళలాంటి మందు సీసాలో పోసి, ఒక సిరంజి కూడా ఇచ్చారు. చుక్క వేస్తే రెండు అంచులూ కొద్దిగా కరిగి ఒకటైపోతాయి.

పనికి నియమాలు రాసుకున్నాను. కుడిచెయ్యే వాడాలి. వారానికి ఆరు ముక్కలకి తగ్గకూడదు. జారిపడిన ప్రతి ముక్కకీ ఒక గీత. మొదటి వారం ఆరు ముక్కలకి నలభై మూడు గీతలు పడ్డాయి. రెగ్యులేటర్ పిడి నాలుగు మిల్లీమీటర్లుంటుంది. దాన్ని పట్టుకున్నాననుకుని రెండు నిమిషాలు ఖాళీ వేళ్ళని ఇంజను దగ్గరికి తీసుకెళ్ళాను. పిడి మంచం కింద ఉంది. ఇంకోరోజు చిన్న రంధ్రం చెయ్యడానికి సూది కాల్చి పట్టుకున్నాను. వాసన వచ్చింది. ప్లాస్టిక్ కాలుతోందేమో అని ఇంజనంతా వెతికాను. కాలుతున్నది నా చూపుడువేలు. బొబ్బ చూసి అమ్మ పెద్దగా అరిచింది. నాకేమో ఆ అరుపు వేరే ఎవరి వేలు గురించో అన్నట్టుంది.

ఆగస్టు వచ్చేసరికి గీతలు తొమ్మిదికి తగ్గాయి. బాయిలరు, సిలిండరు, స్టీరింగు గొలుసు పూర్తయ్యాయి. నాన్న కొట్టు మూసి రాగానే మొదట ఇంజను దగ్గరికి వచ్చేవాడు. "ఇయాల ఎంతవరకొచ్చినాది?" అని అడిగేవాడు, అది నిజంగానే ఎక్కడికో ప్రయాణం చేస్తున్నట్టు. పర్వాలేదు, వస్తోంది అనుకున్నాను. సెప్టెంబరు మొదటి వారంలో, ఎర్ర సున్నా చుట్టిన రోజున, పొద్దున్నే కళ్ళు మూసుకుని కూర్చున్నాను. బొటనవేలి కొసని పిన్నుతో గుచ్చమని అమ్మకి చెప్పాను.

"గుచ్చమ్మా."

"గుచ్చీసినానురా."

"ఎప్పుడు?"

కళ్ళు తెరిచి చూస్తే వేలి మీద మూడు రక్తపు చుక్కలున్నాయి.

ఆ రోజే ఇంకో నిజం కూడా ఒప్పుకున్నాను. గీతలు తగ్గింది వేళ్ళు నేర్చుకున్నందుకు కాదు. నా కళ్ళు వేళ్ళ పని నేర్చుకున్నాయి. ముక్కని ఎంత వంచి పట్టాలో, ఎంత నొక్కితే గోరు తెల్లబడుతుందో చూసి పట్టుకుంటున్నాను. ఇంజను ఎంత చక్కగా తయారైనా పది బిళ్ళల పరీక్షకి అది ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి తెలిసీ ఆపలేదు. పైగా దాన్ని దశమి నాడు సాలూరు పట్టుకెళ్ళి మేస్త్రి ముందు పెట్టాలని ఆలోచన చేశాను. ఇంత పని చేసినవాణ్ణి చూసి బిళ్ళల మాట మరిచిపోతాడేమో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం నాకున్న దారి అదొక్కటే. దసరాకి వారం ముందు ఆఖరి ముక్క అతికించాను. పొగగొట్టం మీది అంచు, నూట ముప్పై తొమ్మిదోది.

నవమి నాడు పొద్దున్న నాన్నతో కొట్టుకి వెళ్ళాను. కాటాకీ తూకపురాళ్ళకీ బొట్లు పెట్టి, పూజ చేసి, అందరికీ ప్రసాదం పంచి ఇంటికి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. దేవుడి గది ముందు పీట వేసి అమ్మ ఇంట్లో పూజ కూడా ముగించేసింది. కత్తిపీట, కుట్టుమిషను కత్తెర, మిక్సీ, అన్నిటికీ పసుపు, కుంకుమ. మధ్యలో నా ఇంజను. పొగగొట్టానికి బంతిపువ్వు. నాలుగు చక్రాల కిందా కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు, తొక్క పైకి ఉండేలా.

"నీ పనిముట్టు గదా నాన్నా, పూజకెట్టకుండా ఒగ్గీలేకపోనాను," అంది అమ్మ. "బండి కాదేటి? నిమ్మకాయలు తొక్కించాల గదా. గట్టిగా నొక్కి తొక్కించీసినాను. ఇంక దిష్టి గిష్టి ఉండదు."

ఇంజనుని ఎత్తబోయాను. పైభాగం వచ్చింది, చక్రాలు రాలేదు. వెనక చక్రాల అంచులు నిమ్మతొక్క తగిలిన మేరా జీడిపాకంలా సాగాయి. నిమ్మతొక్కలో ఉండే నూనె ఈ రకం ప్లాస్టిక్‌ని కరిగిస్తుందని తర్వాత ఫోనులో వెతికితే తెలిసింది. బోర్డుల కొట్టు మందు చేసే పనే, నిదానంగా. నాలుగు చక్రాలు, వాటి ఆకులు, ఒక ఇరుసు. మళ్ళీ దొరకనివి.

"ఏటైనాదిరా? నానేటి తప్పు సేసినాను?" అమ్మ మొహంలో రంగు లేదు.

"ఏం కాలేదు," అన్నాను. మిగిలిందైనా విడదీద్దామని బ్లేడు తీసుకుని నేల మీద కూర్చున్నాను. చెక్కకీ చక్రానికీ మధ్య బ్లేడు దూర్చాను. కళ్ళు మసకబారాయి, వేళ్ళకి కాపలా కాసేవాళ్ళు లేకపోయారు. బ్లేడు జారింది. ఎప్పటిలాగే తెగిన సంగతి ముందు రక్తం చూసి తెలిసింది. బొటనవేలి మధ్య కణుపు పక్కన, చూపుడువేలి వైపు. తుడుచుకోకుండా చెక్కని లాగుతూనే ఉన్నాను. పిండిన నిమ్మరసం రక్తంలో కలుస్తోంది.

ఒకటి రెండు క్షణాల తర్వాత చెయ్యి దానంతట అదే వెనక్కి లాక్కుంది.

అలాగే చూస్తూ ఉండిపోయాను. మంట. సన్నగా, దూరంగా, గోడ అవతల ఎవరో తలుపు కొడుతున్నట్టు. ఇంకో చెక్క తీసి గాయం మీద పిండాను. మళ్ళీ మండింది. మూడోసారి కళ్ళు మూసుకుని, అమ్మని పిండమన్నాను.

"ఎప్పుడు పిండేనో సెప్పనా?"

"వద్దు. నేను చెప్తాను." కాసేపటికి అన్నాను, "ఇప్పుడు."

"ఔన్రా, ఇప్పుడే!" అంది అమ్మ. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది.

దశమి నాడు తొలి బస్సెక్కి సాలూరు వెళ్ళాను. ఇంజను తీసుకెళ్ళలేదు. మేస్త్రి అందరికీ మూటలు ఇచ్చేసి, నాది ఒక్కటే పీట మీద ఉంచి, బల్ల మీద నూనె గిన్నె పెట్టాడు. నా కళ్ళకి తువ్వాలు కట్టాడు.

వేలి కొసతో ఏమీ తెలియలేదు. వేలు తిప్పి, కణుపు పక్కన, నిన్న మండిన చోట రుద్దాను. ఏదో ఉంది అని మాత్రం తెలుస్తోంది. పదిసార్లు చెప్పాను.

"ఐదు కరెట్టురా!" అన్నాడు మేస్త్రి. "సగం వచ్చీసినాది."

"సగం కాదు," అన్నాను తువ్వాలు విప్పుకుంటూ. "ఒకటా రెండా అన్నదానికి బొమ్మా బొరుసూ వేసినా పదికి ఐదు వస్తాయి. నాకు ఏమీ రానట్టే."

"ఓరి నీ సదువు తగలెయ్య! నానే ఎక్కువేసి సూసుకుంటే నువ్వు తీసీసుకుంటావేటి?" నవ్వలేదు గాని చూపు మారింది. "ఆ గాటేటి?"

చెప్పాను. నిమ్మకాయల సంగతి, ఇంజను సంగతి, మంట సంగతి. నా బొటనవేలు పట్టుకుని, మసి పట్టిన గోటితో కణుపు పక్కన గుచ్చాడు. "ఇక్కడ?" తెలిసింది. కొంచెం పైన. "ఇక్కడ?" కొంచెం తెలిసింది. ఇంకొంచెం పైన తెలియలేదు.

మూట చేతికి ఇవ్వలేదు. కొత్తవాడు గుమ్మంలో నిలబడి ఉంటే వాడికీ ఇవ్వలేదు. "పీట తియ్యను, ఎల్లు," అన్నాడు. "ఇంకో నెల. రోజూ దానికి దీపం ఎట్టలేక మా ఇంటిది నన్ను తిడతాది, అది నాను పడతాను. నెల దాటితే మాత్రం వాడిదే."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెన్ను తీశాను. పిన్నుతో గుచ్చుకుంటూ, తెలిసిన చోటు ఆగిపోయిన దగ్గర వేలి చుట్టూ గీత గీశాను. వెర్నియర్ జేబులోనే ఉంది. గీత నుంచి కొసకి ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం నరం చాలా వెనకబడి ఉంది, అది రోజుకి ఎంత నడుస్తుందో నాకిప్పుడు తెలియదు. నోట్సులో తేదీ వేసి, పక్కన ఇరవై ఒకటి రాశాను. దేని చుట్టూ సున్నా చుట్టలేదు.