భోపాలపట్నం పెళ్ళిలో మేఘన భోజనం

మా చిన్నూకి పల్లీలు పడవని తెలిసిన దగ్గర్నుంచి పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేశాం. వాడికి నాలుగేళ్ళు. నిరుడు పల్లీ ఉండ కొరికి, పెదవులు వాచి, ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డాడు. ఆ తర్వాత వాణ్ణి బయట ఏమీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. కార్తీకంలో బస్తర్ గనుల ఊరు బచేలి నుంచి మా పిన్ని కూతురు సుజాత ఫోన్ చేసింది.

"అక్కా, మా మేఘనకీ పల్లీలు పడవు కదా. దాన్ని తీసుకుని భోపాలపట్నంలో పెళ్ళికి వెళ్తున్నాను. నువ్వూ చిన్నూని తీసుకుని రా."

భయపడుతూనే బయల్దేరాను.

పొద్దున్నే విశాఖలో కిరండూల్ ప్యాసింజరెక్కాం. ఇలాంటి పిల్లలతో వెళ్ళేవాళ్ళు తిండి ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. పెట్టెలోకి అమ్మకానికొచ్చేవి ఎక్కువ పల్లీలూ శనగలే. జగదల్‌పూర్‌లో ఎక్కిన ఒక పెద్దాయన, ఎదురొచ్చే ఇనపరాయి గూడ్సుబళ్ళు చూపిస్తూ చిన్నూ చేతిలో వేయించిన పల్లీలు పెట్టబోయాడు. వాణ్ణి ఒక్కసారిగా ఒళ్ళోకి లాక్కున్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

చీకటి పడ్డాక బచేలిలో దిగి, సుజాత వాళ్ళ క్వార్టరుకి చేరాం. ఆమె భర్తకి గనిలో డ్యూటీ ఉంది. అందుకని మర్నాడు ఆరున్నర బస్సుకి మేమిద్దరం, పిల్లలిద్దరూ బయల్దేరాం. గీదంలో బస్సు మారాలి. అక్కణ్ణుంచి బీజాపూర్ దాకా రోడ్డుకి రెండువైపులా అడవి, మధ్యమధ్య కోతకొచ్చిన వరిచేలు. పక్క సీటులో ఒక ముసలమ్మ తలా ఒక లడ్డూ ఇవ్వబోయింది. పదేళ్ళ మేఘన నవ్వుతూ అక్కడి హల్బీ భాషలో ఏదో అడిగింది. ముసలమ్మ లడ్డూలు దాచేసి, బుట్టలోంచి రెండు సీతాఫలాలు తీసిచ్చింది.

"ఏమడిగావే?" అన్నాను.

"పల్లీలున్నాయా అని, పెద్దమ్మా. ఉన్నాయంది. మాకు పడవని చెప్పాను."

అంతే. ఎవరి మొహమూ చిన్నబోలేదు.

పన్నెండు దాటాక భోపాలపట్నం చేరాం. పెళ్ళివారిది కిరాణా దుకాణం, సుజాతకి అత్తింటి వైపు చుట్టాలు. వంటావిడ రాజక్కతో సుజాత ముందే ఫోన్లో మాట్లాడి ఉంచింది. మమ్మల్ని చూడగానే రాజక్క ఎదురొచ్చింది.

"ఏంది బిడ్డా, పల్లీలు తినని పిల్లవి నువ్వేనా? వంకాయకూరల పల్లీపొడి ఏసిన, అది ముట్టకు. పప్పుల, చారుల ఏం లేదు."

జనం కూర్చోకముందే పిల్లలకి వడ్డించింది. ఏడాది తర్వాత చిన్నూ విస్తరి ముందు కూర్చుని పప్పన్నం తిన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. తిని నా ఒళ్ళోనే నిద్రపోయాడు.

కాసేపటికి మేఘన, తోటి ఆడపిల్లలు పిలిస్తే, మళ్ళీ పంక్తిలో కూర్చుని ఇంకొంచెం పప్పు వేయించుకుంది. నాలుగు ముద్దలు తిన్నదో లేదో లేచి వచ్చేసింది.

"అమ్మా, గొంతు పట్టేస్తోంది."

మెడ మీద అప్పటికే ఎర్రటి దద్దుర్లు. దగ్గు మొదలైంది. నేను ఒళ్ళో చిన్నూని గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయాను. సుజాత మాత్రం కూతుర్ని చాప మీద పడుకోబెట్టి, బ్యాగులోంచి డాక్టరు నేర్పించి ఇచ్చిన సూది తీసి తొడకి పొడిచింది. "జీపు తియ్యండి, ఆసుపత్రికి వెళ్ళాలి" అంది పెళ్ళికొడుకు బాబాయితో.

జీపు కదులుతుంటే రాజక్క పరుగెత్తుకొచ్చింది. "వడ్డించేటోళ్ళు వంకాయకూర గరిటెనే పప్పుల ముంచిన్రమ్మా. డాక్టరుకు చెప్పు, పల్లీ లోపలికి పోయిందని!"

పెళ్ళిపనుల్లో ఎవరూ చూడని సంగతి. నోరు మూసుకుని ఊరుకోవచ్చు. రాజక్క ఊరుకోలేదు.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు సుజాత చెప్పిందంతా విని, సూది వెంటనే వెయ్యడం మంచిదైందన్నాడు. మళ్ళీ తిరగబెట్టొచ్చని ఆ రాత్రికి అక్కడే ఉంచాడు. సాయంత్రానికి మేఘన ఊపిరి తేలికపడింది. అప్పుడు అడిగాను సుజాతని.

"ఇంత జరిగాక కూడా దీన్ని బయటికి తీసుకొస్తావా?"

"నాకు భయం లేదనుకున్నావా అక్కా? కిందటేడు మా వంటింట్లోనే అయింది ఇలా, కొత్త మసాలాపొడి వల్ల. తలుపులేసుకుంటే ఆగేదైతే నేనూ వేసుకునేదాన్నే. రేపు ఇది ఒక్కతే ఎక్కడికైనా వెళ్ళాలి కదా. అడగడం రావాలి, ఒంట్లో తేడా చేస్తే వెంటనే చెప్పడం రావాలి. ఇవాళ చెప్పింది చూశావుగా."

పొద్దున్నే రాజక్క వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చింది. సుజాత వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పబట్టే కదా రాజక్కా, ఏం జరిగిందో మాకు తెలిసింది." మంచం మీంచి మేఘన, "ఆకలేస్తోంది, జావ కాస్తావా?" అంది. రాజక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. కొత్త గిన్నె కొని, సుజాతని పక్కన కూర్చోబెట్టుకుని మరీ కాచి తెచ్చింది. పిల్ల ఆ జావ జుర్రుకుంటుంటే చూస్తూ ఉండిపోయాను. నేనైతే ఆ ఇంటి నీళ్ళు కూడా తాగనిచ్చేదాన్ని కాదు.

రెండు రోజుల తర్వాత తిరుగు రైలెక్కాం. బస్తర్‌లో నేను చూసిన జలపాతం లేదు, గుడి లేదు. భయాన్ని చంకనేసుకుని కూడా నలుగురిలో తిరిగే ఒక తల్లినీ కూతుర్నీ చూశాను. జగదల్‌పూర్ దాటాక మావారు ఫోన్ చేశారు. ఆదివారం వాళ్ళ ఆఫీసు స్నేహితుడి కూతురి పుట్టినరోజట, ఎప్పట్లాగే రామని చెప్పెయ్యనా అని అడిగారు.

"వస్తామని చెప్పండి," అన్నాను. "వంట ఎవరు చేస్తున్నారో కనుక్కుని వాళ్ళ నంబరివ్వండి, నేను మాట్లాడతాను."