కొబ్బరినూనె రాసిన స్కీలు

గత వారం మా తమ్ముడి మనవరాలు దుబాయ్ నుంచి ఒక ఫొటో పంపింది. ఏదో మాల్ లోపల మంచు పోసి కట్టిన వాలు మీద, చలికోటు తొడుక్కుని, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని నిలబడి ఉంది. "మన ఇంట్లో దుబాయ్‌లో స్కీయింగ్ చేసిన మొదటి మనిషిని నేనే తాతయ్యా" అని కింద రాసింది. పిల్ల సరదాను నేను కాదనను. కానీ తప్పుడు సమాచారం నా కళ్లెదుటే చెలామణీ కావడం సహించలేను. జరిగినది జరిగినట్టు రాసిపెట్టుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నా అలవాటు కనుక, నా అభ్యంతరాన్ని ఇక్కడ సవివరంగా నమోదు చేస్తున్నాను. ఆ మొదటి మనిషిని నేను. అప్పటికి ఆ మాలూ లేదు, ఆ మంచూ లేదు.

ఎనభైల మొదట్లో, మనవాళ్లు మొత్తంగా దుబాయ్ అనే పిలిచే ఆ దేశంలోనే, షార్జా వైపు నల్ల కొండల పాదాల దగ్గర రోడ్డు వేసే ఒక క్యాంపులో నేను స్టోర్‌కీపర్‌ని. ఆ కొండలదొక విచిత్రం. గాలి ఎర్రటి ఇసుకను ఎగదోసి ఎగదోసి కొన్నిచోట్ల శిఖరం దాకా ఆనించి పెడుతుంది. మా ముదీర్, అంటే మేనేజరు, యూరప్‌లో మంచుకొండల మధ్య పుట్టిన పెద్దమనిషి. ఏ ధైర్యంతో తెచ్చుకున్నాడో గాని, ఒక జత చెక్క స్కీలు తెచ్చి ఆఫీసు గోడకు తగిలించాడు. కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోతూ వాటిని నా చేతిలో పెట్టి, మంచైనా ఇసుకైనా వాలు వాలేననీ, అడుగున మైనం రుద్దడం మాత్రం మరవద్దనీ చెప్పాడు. ఆ సాయంత్రం మెస్సులో ఒకటే నవ్వులు. "సార్ ఇంక సిమెంటు బస్తాల మీద జారతాడు" అని ఒకడు. "యల్లా సార్, పదండి, ముందు బాత్రూములో ప్రాక్టీసు చెయ్యండి" అని ఇంకొకడు. నాకు ఒళ్లు మండింది. శుక్రవారం సెలవునాడు, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, తెల్లవారగానే స్కీలు భుజాన వేసుకుని బయలుదేరాను.

స్టోరంతా వెతికినా మైనం దొరకలేదు. కొబ్బరినూనె ఉంది. తలకు, కాళ్ల పగుళ్లకు, కిర్రుమనే తలుపులకు పనికొచ్చే వస్తువు దీనికి మాత్రం ఎందుకు పనికిరాదని, మన ఇళ్లలో పెరిగిన ఎవరైనా అనుకునేట్టే అనుకుని, రెండు పలకలకూ దట్టంగా పట్టించాను. మేకలు నడిచి నడిచి పడిన సన్నటి బాట వెంట ఆయాసపడుతూ శిఖరం చేరాను. తోలు పట్టీలు బిగించుకుని ఇసుక మీద నిలబడితే కదిలితే ఒట్టు. అడుగు తిప్పి చూస్తే, నువ్వులద్దిన అరిసెల్లా ఉన్నాయి రెండూ. నీళ్ల డబ్బా పక్కన పెట్టి, రాయితో గీకి, తువ్వాలుతో తుడిచి, ఇంకా ఏటవాలుగా ఉందని అవతలి వైపు తిరిగి మళ్లీ నిలబడ్డాను. ఈసారి కదిలాయి. కదలడమేమిటి, ఎగిరాయి. ఆనందంతో కేక కూడా పెట్టాను. ఆ కేక పూర్తి కాకముందే నోటినిండా ఇసుకతో కింద ఉన్నాను.

మడమ బెణికింది. నీళ్ల డబ్బా శిఖరం మీదే ఉండిపోయింది. పైకి పాకితే ఎంత ఎక్కానో అంతా జారి మళ్లీ మొదటికే వచ్చేవాణ్ణి. క్యాంపు కొండకు అవతల. ఇవతల ఇసుక తప్ప ఏమీ లేదు. పౌరుషానికి పోయి ఎవరికీ చెప్పకుండా వచ్చాను గనుక, ఎవరైనా వెతికినా ఎక్కడని వెతుకుతారు? ఊళ్లో ఉన్న భార్య, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. ఎండ ముదిరింది. స్కీలను నిలువునా పాతి, పైన నా తెల్ల బనీను కట్టి, ఒక బండ నీడన పడుకున్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది.

చాలాసేపటికి మా క్యాంపు నీళ్ల ట్యాంకర్ చప్పుడు వినిపించింది. పఠాన్ డ్రైవర్ పక్కనుంచి దూకినవాడు మా మెస్సు వంటాయన, కడప జిల్లా సాయెబు. అందరం భాయ్ అనేవాళ్లం. శుక్రవారం నమాజు అయ్యాక ఎవరి పళ్లెం వాళ్లకు బోర్లించి పెట్టి, వచ్చి ఎత్తినవాళ్లకు బిర్యానీ వడ్డించడం ఆయన పద్ధతి. ఒక్క పళ్లెం బోర్లా మిగిలినా తాను మెతుకు ముట్టడు.

"ఏం సార్, చెప్పాపెట్టకుండా యాడికొస్తివి? అందురూ తిని పండుకున్న్యారు. నీ పళ్లెమొకటే ఎత్తేవాళ్లు ల్యాక అట్నే ఉండాది" అని అరిచాడు.

నీళ్లు గటగటా తాగి, ఇటే ఉన్నానని ఎలా తెలిసిందని అడిగాను.

"పొద్దున్నే పలకలు బుజానేసుకోని ఎక్కుతాంటే చూస్తి. దిగేది చూళ్యా. ఈ పక్క దిగకపోతే ఆ పక్కనే గదా!"

"ఖలాస్, హీరో!" అని పఠాన్ పగలబడి నవ్వాడు. జీవితంలో మొదటిసారి నా మీద ఎవరో నవ్వితే నాకు కోపం రాలేదు.

భాయ్ గుడ్డలో చుట్టి తెచ్చిన పళ్లెం విప్పాడు. అన్నం చల్లారిపోయింది.

"ఆకలేస్తే నువ్వైనా తినకపోయావా భాయ్?" అన్నాను.

"తినేసుంటే నాకూ నిద్రొచ్చేసుండు సార్" అని, ట్యాంకర్ మెట్టు మీద నా పక్కనే కూర్చుని మొదటి ముద్ద కలిపాడు.

ఆ తరువాత నేను బతికిన ఏళ్లన్నీ, ఒక మనిషి తన భోజనాన్ని వాయిదా వేసుకున్న ఆ కాస్త సమయంలోంచే వచ్చాయి.