చప్పటి జావలో షుగర్

దుమ్ముగూడెంలో నేను కిరాయికి ఉంటున్న గదికి సాయంత్రం పూట వచ్చే మనిషి పక్కింటి అవ్వ ఒక్కతే. జీలుగు చెట్టు మానులోంచి తీసిన పిండితో జావ కాచి తెచ్చేది. నేను తాగేదాకా గడప మీద కూర్చుని కబుర్లు చెప్పేది. మిగతా రోజంతా నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

నాకు షుగర్ వచ్చింది. చాయ్‌లో చక్కెర మానేసినా రీడింగ్ దిగలేదు. లెక్క తేలకపోతే నాకు నిద్రపట్టదు. బడి చదువు మధ్యలోనే ఆగింది కనుక పాత పుస్తకాల బండి మీద ఒక సైన్సు పుస్తకం కొని నెమ్మదిగా చదివాను. ఆకు ఎండలో గాలినీ నీళ్ళనూ కలిపి గ్లూకోజ్ తయారు చేస్తుంది. ఒక్కో గ్లూకోజ్‌లో కార్బన్లు ఆరు, హైడ్రోజన్లు పన్నెండు, ఆక్సిజన్లు ఆరు. రెండు అతుక్కుంటే హైడ్రోజన్లు ఇరవై నాలుగు కావాలి. పుస్తకంలో ఇరవై రెండే ఉన్నాయి. ఆక్సిజన్ కూడా ఒకటి తక్కువ. అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు, అతుకు పడిన ప్రతిచోటా ఒక నీటి అణువు బయటికి పోతుందట. అలా వందలూ వేలూ అతుక్కుంటే పిండి. నాలుకకు తీపి తెలియదు గానీ, కడుపులో అతుకులు విడిపోయి మళ్ళీ గ్లూకోజే అవుతుంది; రక్తంలో కొలిచే షుగర్ అదే.

ఆ సాయంత్రం గిన్నె అందుకుంటూ, "అవ్వా, నీ జావలో షుగర్ ఉంది" అన్నాను.

"ఏందీ?" ఆమె లేచి నిలబడింది. "మా ఇంట్ల ఎవ్వలకు లేదు ఆ రోగం. నాకు అంటగడ్తున్నవా?"

"రోగం కాదవ్వా, తీపి..."

"చప్పటి జావల తీపి ఏడిది? చాయ్‌లు తాగి తాగి నువ్వు తెచ్చుకుంటివి, ఇప్పుడు నా గిన్నె మీద పడ్డవ్! మస్తు లెక్కల సారువి!"

గిన్నె లాక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళి, అతుకుల సంగతి మొదటినుంచీ చెప్పాను. ఆమె పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండా, "అవ్, అవ్. గట్లనే బిడ్డా" అంది. కూర్చోమనలేదు.

అవ్వ మళ్ళీ రాలేదు. జావ ఆగిపోయాక రాత్రి పూట అన్నం కూడా తగ్గించాను. పోయిన నెల దవాఖానాలో రక్తం చూసిన పిల్ల నవ్వింది. "మంచిగ దిగింది సార్. ఇంట్ల చెప్పుండ్రి, సంతోషపడ్తరు."

సరేనమ్మా అన్నాను.