జెండా ముడి మాత్రం నువ్వే వెయ్యాలె

నౌకాదళంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. కోస్తావాడివి, సముద్రానికి ఇంత దూరమెందుకని ఎవరైనా అడిగితే, చూసింది చాలనేవాణ్ణి. యుద్ధంలో నాకో శౌర్య పతకం వచ్చింది. ఇంజను గదిలోకి నీళ్ళు చేరుతుంటే నలుగురు నావికులతో కలిసి ఆరు గంటలు పంపులు ఆగకుండా చూశాను. ఓడలో ధైర్యానికి సగం కారణం పారిపోవడానికి చోటు లేకపోవడమే. తర్వాత కమాండరునయ్యాను; ఓడలకంటే ఫైళ్ళే ఎక్కువ నడిపాను.

కాలనీలో పదకొండేళ్ళు పంద్రాగస్టు జెండా నేనే ఎగరేశాను. ముందురోజు సాయంత్రం పూలు పెట్టి, ఒక్క లాగుకు విచ్చుకునేలా ముడి వేసేదీ నేనే. ఓడ మీద నేర్చిన విద్య. పొద్దున్నే నా కోటుకు పతకాలు గుచ్చేది పక్కింటి లెక్కల మాస్టారు. కాలనీ సంఘం అధ్యక్షుడూ ఆయనే, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు మనిషి. నన్ను 'అన్నా' అనేవాడు. తెలంగాణ ఉద్యమం ముదిరి హైవే మీద బస్సులు ఆగిన రోజుల్లోనూ మా స్నేహం ఆగలేదు.

పన్నెండో ఏడు ఆగస్టు పద్నాలుగున మాత్రం మాస్టారు గేటు దాటి లోపలికి రాలేదు.

"కమాండర్ సాబ్, ఈసారి జెండా మనోళ్ళెవరన్న ఎగరేస్తే మంచిగుంటదని కమిటీల అనుకున్నరు."

"మనోళ్ళంటే?"

ఆయన చెప్పులు చూసుకున్నాడు. "పోరగాళ్ళు గరం మీదున్నరు. నేనేం జేస్త?"

"మీటింగులో మీరేమన్నారండీ?"

"సప్పుడు జెయ్యలే." వెళ్ళబోతూ ఆగాడు. "ముడి మాత్రం నువ్వే వెయ్యాలె అన్నా. మాకెవ్వరికి రాదు."

నాది పతకం, వాళ్ళది పథకం, ఒత్తు ఎక్కడుందో చూసుకోలేదని మా ఆవిడతో నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"వెయ్యకండి. రేపు అందరిముందూ తాడు పట్టుకుని తంటాలు పడనివ్వండి" అంది.

సాయంత్రం వెళ్ళాను. ఇంకొక్క చుట్టు బిగిస్తే చాలు, ఎంత లాగినా జెండా విచ్చుకోదు. ఆ చుట్టు వేశాను కూడా. కాసేపు చూసి, విప్పేసి, ఎప్పటిలాగే కట్టాను. చెడగొట్టడం ఎవరూ నేర్పలేదు మరి.

మర్నాడు పతకాలు నేనే వంకరగా గుచ్చుకుని చివరి వరసలో నిలబడ్డాను. ఏ యువనాయకుడో వస్తాడనుకున్నాను. తాడు లాగడానికి కొత్త కండువాతో ముందుకొచ్చింది మాస్టారే.

జెండా ఒక్క లాగుకు విచ్చుకుంది. పూలు ఆయన నెత్తిమీద రాలాయి. సెల్యూట్ చేశాను, అది జెండాకి.

తర్వాత ఆయనే వరసగా లడ్డూలు పంచుతూ వచ్చాడు. నా ముందు వరస పూర్తవగానే పెట్టె ఇంకొకరి చేతికిచ్చి వెనక్కి తిరిగాడు.