అద్దాల గదిలో ఏడు మాత్రలు

హొసకోటె మునీంద్ర ఇరవై రెండేళ్లుగా జాజ్ ఫ్యూజన్ డ్రమ్మరు. ఆ కళ తెలిసినవాళ్లు బెంగళూరు మొత్తానికి నలుగురుంటారని అతని అంచనా. నలుగురూ డ్రమ్మర్లే కావడంతో, ఎవరి కచేరీలో వాళ్లుండి, ఇంకొకరిది వినే యోగం ఎవరికీ పట్టలేదు.

వైట్‌ఫీల్డ్‌లోని ఒక పబ్బు అతని ఆస్థానం. పక్క అపార్ట్‌మెంటువాళ్ల ఫిర్యాదుతో యాజమాన్యం అసలు డ్రమ్ములు తీయించి, రబ్బరు పలకల ఎలక్ట్రానిక్ డ్రమ్ములు పెట్టి, చుట్టూ అద్దాలు బిగించింది. పలకను కొడితే టిక్కుమంటుంది, అంతే. అసలు నాదం ఒక తీగ వెంట మునీంద్ర హెడ్‌ఫోన్లకూ, ఇంకో తీగ వెంట సౌండ్ మిక్సరు ముందు కూర్చునే వినయ్ దయాదాక్షిణ్యాలకూ చేరుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కాత్యాయని వచ్చింది. డిసెంబరులో జరిగే జాజ్ ఉత్సవానికి వాద్యకారులను ఎంపిక చేసేది ఆమే.

"మీ సోలో ఒక్కటి విని వెళ్తానండీ. ఫ్లైటుంది."

మునీంద్రకు నలభై ఏడేళ్లు. ఎడమ మణికట్టు ఇప్పటికే రాజీనామా సమర్పించి ఆమోదం కోసం చూస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

సరిగ్గా సోలో ముందు ఏడో టేబులువారి పుట్టినరోజు వచ్చిపడింది. కేకు కోసేటప్పుడు హాల్లోకి వచ్చే డ్రమ్ముల శబ్దం కట్టేయడం అక్కడి ఆచారం. వినయ్ కట్టేశాడు. ఆపైన కేకు పంచుతున్నారని తెలిసి, బాండువాళ్లతోపాటు తానూ వెళ్లాడు.

మునీంద్ర కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్లలో తన నాదం వింటూ మొదలుపెట్టాడు. మిశ్రచాపు తాళంలోని ఏడు మాత్రలను జాజ్ నడకలోకి ఒంపి, విరిచి, తిరిగి అతికించాడు. జన్మలో అంత బాగా వాయించలేదు. కళ్లు తెరిస్తే హాలంతా కొయ్యబారి చూస్తోంది. చేతుల్లో ఫోర్కులకు బదులు ఫోన్లు. ఇరవై రెండేళ్లలో అంతటి నిశ్శబ్దం అతనికి దక్కలేదు.

కాత్యాయని అద్దం తలుపు తీసింది.

"నిశ్శబ్దంతో ప్రయోగమన్నమాట! ధైర్యమేనండీ. కానీ మా దగ్గర టికెట్టు కొన్నవాళ్లు వినడానికొస్తారు."

వెనకే వినయ్, మీసాలకు క్రీముతో పరుగున వచ్చాడు. "అన్నా, మ్యూట్ తీయడం మరిచిపోయినానన్నా!"

"మేడమ్, ఐదే నిమిషాలు. మళ్లీ వాయిస్తాను."

కర్ర ఎత్తాడు. వేళ్లు పట్టు వదిలేశాయి. ఆమె వంగి, కర్ర తీసి, మర్యాదగా అతని ఒళ్లో పెట్టి వెళ్లింది.

పేరుప్రఖ్యాతులు మాత్రం ఆ వారమే వచ్చాయి. చప్పుడు లేకుండా ఊగిపోతున్న అతని వీడియోను పదకొండు లక్షలమంది చూశారు. కొందరు దానికి పెళ్లి బాజాలు తగిలించారు, కొందరు కుక్కరు విజిళ్లు.

హొసకోటెలో తల్లి భాగీరథమ్మ ఫోను కళ్లకు ఆనించుకుని చూసింది.

"ఊరంతా నిన్నే చూస్తా ఉండారప్పా! ఇంతకీ నువ్వేం వాయించినావో?"

"మామూలుదేలేమ్మా."

పబ్బు మేనేజరు ఛాయాదేవి పరమానందంతో ప్రకటించింది: "సార్, ఎవ్రీ సండే అదే ఐటెం. సౌండ్ లేకుండా, సేమ్ ఎక్స్‌ప్రెషన్!"

తరువాతి ఆదివారం టేబుళ్లన్నీ నిండిపోయాయి. మునీంద్ర అద్దాల గదిలోకి వెళ్లి, మణికట్టుకు పట్టీ చుట్టుకుని, హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టి, మొదలుపెట్టాడు.