మామ చేతికర్ర

చేతికర్ర పట్టుకున్న ముసలాయన ఎవరైనా ఎదురొస్తే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

కొమరోలు దగ్గర మా ఊళ్లో గొర్రెలు, మేకలు పెంచేవాళ్ల సంఘానికి ఒక పెద్దాయన అధ్యక్షుడు. అందరికీ ఆయన మామే. ఏ తీర్మానమైనా కర్రలతోనే తేల్చేవాడు. ఒప్పుకున్నవాళ్లు తమ కర్రను కుడిపక్క, కాదన్నవాళ్లు ఎడమపక్క పెట్టాలి.

"రెండొందల జీవాలున్నోడికైనా, రెండున్నోడికైనా కర్ర ఒకటే గదరా!" అని నవ్వేవాడు.

ఒకసారి చర్చి వెనక వీధిలో ఉండే కూలిమనిషి ఒకామె సభ్యత్వం అడిగింది. ఆమెకు రెండు మేకలున్నాయి. జీవాలు పెంచే ఎవరినైనా చేర్చుకోవాలన్న నిబంధనను కార్యదర్శిగా నేనే చదివి వినిపించాను.

"ఈమెను చేర్చుకుంటే రేపు ఆ వీధంతా వస్తది మామా," అన్నారెవరో.

కుడిపక్క మామ కర్ర ఒక్కటే పడింది. మిగతావన్నీ ఎడమపక్క కుప్పగా పడ్డాయి.

"అందరి మాట కాదంటే అది సంఘం కాదు తల్లీ. నిన్ను కాదన్నాక గూడా సంఘం కాదు. ఏం జేసేది?" అన్నాడు. తన కర్రను ఆమె చేతిలో పెట్టి, కుంటుకుంటూ ఇంటికి పోయాడు. మళ్లీ ఏ మీటింగుకూ రాలేదు.

ఆ రోజు ఎవరి కర్ర వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. నా కర్ర కోసం అందరూ కదిలేదాకా ఆగాల్సి వచ్చింది. అది కుప్ప అడుగున ఉంది. మొదట పెట్టింది నేనే.