నేల బాగా కూకుంది

మా పిన్ని నన్ను ఇప్పటికీ గుంటా అనే పిలుస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి ఈ హిందీ ఊరు బిలాస్‌పూర్‌కి వచ్చి స్థిరపడిన రైల్వే ఇళ్లలో ఆడపిల్లని అలాగే అంటారు. చెత్తతో పూడ్చిన గోతుల మీద నేల ఎంత దిగుతుందో నేను పరిశోధన మొదలుపెట్టాక ఆవిడ వేళాకోళానికి హద్దు లేకుండా పోయింది. "మా గుంట గుంటలే సదువుతంది" అని ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ చెప్పింది.

ఆవిడ ఇల్లే నా పరిశోధనలోకి వస్తుందని అప్పుడు అనుకోలేదు. బాబాయి రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి, ఊరి చివర మంగ్లా దాటాక కొత్త ప్లాటులో ఇల్లు కట్టుకున్నారు. ఒకప్పుడు అక్కడ మొరం తవ్విన పెద్ద గొయ్యి ఉండేదనీ, దాన్ని చెత్తతో నింపి పైన ఎర్ర మొరం పరిచి అమ్మారనీ వాళ్లకి తర్వాత తెలిసింది. నాకేమో సరిగ్గా అలాంటి చోటే కావాలి. పిన్నిని బతిమాలి, పెరట్లో వంటింటి గోడ వెంబడి ఇనప పలకలు పాతాను. వాటి మీద నిలబెట్టిన కడ్డీలు ఎంత కిందికి పోతే నేల అంత దిగినట్టు. మొక్కలకి నీళ్లు పోసేటప్పుడు కూడా ఆవిడ ఆ కడ్డీలకి తగలకుండా నడిచేది.

మొన్న వానాకాలం పోయాక కొలిస్తే, వంటింటి వైపు నేను ఊహించినదానికన్నా చాలా దిగిపోయింది. అడుగున చెత్త కుళ్లి గుల్లవుతోంది. ఇంత స్పష్టమైన ఫలితం దొరికితే థీసిస్ గట్టెక్కినట్టే. ఉబ్బితబ్బిబ్బై అక్కడి నుంచే మా ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. "బహుత్ బఢియా బైఠా హై సర్!" అని, నేల బాగా కూర్చుందని, దాదాపు అరిచాను. ఆ కాసేపూ అది మా పిన్ని ఇల్లన్న సంగతే నాకు గుర్తు లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంటికి ముప్పుందని ఆ రోజే చెప్పాల్సింది. ఇంకొక్కసారి కొలిచాక చెబుదాంలే అనుకున్నాను. చెబితే పలకలు పీకించేస్తారేమోనని లోపల భయం.

మళ్లీ వెళ్లేసరికి గేటు దగ్గర ఇసక కుప్ప, డాబా మీద మేస్త్రీ. పిన్ని ఎదురొచ్చి నా నోట్లో లడ్డూ పెట్టింది. పైన గది వేసి ఆడవాళ్లకి కుట్టు నేర్పాలని ఆవిడకి ఎన్నాళ్లుగానో ఆశ.

"ఇదేటి పిన్నీ?" అన్నాను.

"ఇల్లు కట్టినప్పుడే మేస్త్రీ సెప్పాడు గదే, మట్టి బైఠ్ జాయేగా, తర్వాత పైన ఎయ్యండని. మొన్న ఫోన్‌లో నువ్వే అన్నావు, బాగా కూకుందని. వంటింట్లోంచి ఇన్నాను."

మేస్త్రీల మాటలో మట్టి కూర్చోవడమంటే అణిగి గట్టిపడటం. నేనన్నది కుంగిపోవడం గురించి.

"గట్టిపడలేదు పిన్నీ. కుంగిపోతోంది. ఇంకా కుంగుతుంది. పైన బరువు పెట్టొద్దు. వంటింట్లో కూడా ఎక్కువసేపు ఉండకండి."

ఆవిడ వంటింటి గోడ వైపు చూసింది. డాబా మీదికి తలెత్తి "రుక్ జావ్ భయ్యా" అని పని ఆపించింది. తర్వాత నా దగ్గరికొచ్చి, కోపం లేకుండా, నిజంగా తెలియకే అడిగింది.

"అచ్ఛా, మరి ఆ రోజు అంత సంబరపడిపోయావేటే?"